బల్ల ఎక్కించే చెయ్యి

ఎల్ సెద్రాల్,
1998 మార్చి 8, ఆదివారం.

హసింతాకి వదిన రాసేది.

ఇక్కడ కోళ్ళు క్షేమం, పంది క్షేమం, నేనూ వాటి మధ్యే ఉన్నాను. నీకు జవాబు రాయాలని కాగితం తీస్తాను, మళ్ళీ లోపల పెట్టేస్తాను. కోపం కాదు, బద్ధకమూ కాదు. రాయడానికి ఏమీ ఉండదు, అంతే.

ఇప్పుడొక సంగతి వచ్చింది. మొన్న నసారియో తాత వాయిద్యాలవాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. అందరూ టోపీలు చేతుల్లో పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. "అమ్మా ఒతీలియా, సిలువ పండక్కి మన అడవిలో పాటల పండగ చేసుకుందామా, వద్దా? తోపు మీది. నువ్వు ఊఁ అంటేనే" అన్నాడు తాత. "సరే" అన్నాను. పాపం ముసలాయన దారి పొడుగునా ఏవేవో కూడబలుక్కుని వచ్చినట్టున్నాడు. ఒక్క మాటతో పని అయిపోయేసరికి ఏం చెయ్యాలో తోచక, మా పందిని మెచ్చుకున్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను.

పోయిన ఏడు ఇదే పండక్కి కట్టెలు తేవడానికి వెళ్ళిన మీ అన్నయ్య మోపుతో సహా కూలిపోయాడు కదా. పండక్కని వచ్చినవాళ్ళంతా శవం దగ్గర వాయించారు. ఎంత బాగా వాయించారో నువ్వూ విన్నావు. నేనూ విన్నాను. గోడకి వినపడ్డట్టు నాకూ వినపడింది. అప్పటినుంచి అలాగే ఉంది నాకు. ఆకలి వేస్తుంది, తింటాను. నిద్ర వస్తుంది, పడుకుంటాను. ఏడుపు రాదు.

ఏడాది సరిగ్గా పండగ ముందురోజుకి తిరుగుతుంది. మీ ఇంటి ఆచారం నీకు నేను చెప్పేదేముంది. మొగుడు పోయిన మనిషి ఏడాది ఆటబల్ల తొక్కకూడదు, దానిమీద మడమ కొట్టి ఆడకూడదు. ఆ బల్లని బోర్లా వేసి ఉంచాలి. ఏడాది దాటాక పోయినవాడి రక్తసంబంధం ఎవరో చెయ్యి పట్టుకుని ఎక్కించాలి, అప్పుడే నల్లబట్ట విడవాలి. మే మూడు ఆదివారం, పండగ రోజు మధ్యాహ్నం ఆ తంతు పెట్టుకుందామంది మన పక్కింటి ఎంగ్రాసియా అవ్వ. నువ్వు వస్తే సరే. రాకపోయినా సరే. నీ పనులు నీకుంటాయి.

మీ అన్నయ్య పెద్ద గిటారుని మౌరాకి ఇచ్చాను. అకయూకన్ నుంచి వచ్చి మీ అన్నయ్య దగ్గర నేర్చుకునేదే, ఆ పళ్ళ డాక్టరమ్మ.

మొక్కజొన్న మొలిచింది. వాన పడితే సరే, పడకపోయినా సరే.

వదిన,
ఒతీలియా.


ప్వెబ్లా,
మార్చి 22.

ఒతీలియా వదినకి,

నీ ఉత్తరం అందింది. ఎక్కడైనా ఒక్క కన్నీటి చుక్క పడిందేమోనని కాగితం వెలుతురుకి పెట్టి మరీ చూశాను. కోళ్ళు క్షేమం, పంది క్షేమం. చాలా సంతోషం.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ అర్ధమొగుడికి నీ దగ్గర దక్కిన మర్యాద "వస్తే సరే, రాకపోయినా సరే". పాలవాడిని కూడా ఇంతకంటే బాగా పిలుస్తారు వదినా. నేను ఈ ఊళ్ళో పగలంతా ఎవరెవరి పెళ్ళిగౌన్లకో పూసలు కుట్టుకుంటూ, అన్నయ్య గుర్తొస్తే మిషను కింద తల పెట్టి ఏడుస్తున్నాను. కొట్టు యజమానురాలు "గౌను మీద మరకలు పడతాయి, బయటికెళ్ళి ఏడువు" అంటుంది. బయటికెళ్ళి ఏడ్చి వస్తాను. నువ్వేమో తింటున్నావు, పడుకుంటున్నావు.

మా పిన్ని కొడుకు ప్రుదెన్సియో అనాసపళ్ళ లారీ తోలుకుని ఇక్కడి మార్కెట్టుకి వచ్చాడు. రొట్టె తింటూ చల్లగా మూడు సంగతులు చెప్పాడు. నువ్వు సంతలో అందరి ముందూ పగలబడి నవ్వావట. మన చేలో ఎవడో అన్నయ్య టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడట, లారీలోంచి చూశాడట. ఇక మూడోది వినగానే నా చేతిలో సూది వేలికి దిగింది. ఆటబల్ల బోర్లా లేదట. ఎత్తేశావట. ఏడాది తిరగకుండానే!

ఆ బల్ల మా నాన్న కొట్టిన దేవదారు. అన్నయ్య పదిహేనేళ్ళప్పుడు చిత్రిక పట్టాడు. పక్కన కూర్చుని పొట్టు ఎత్తిపోసింది నేను. నువ్వప్పటికి మా గడపే తొక్కలేదు. గిటారుని పళ్ళ డాక్టరుకి ఇచ్చావు, టోపీని ఎవడికో ఇచ్చావు, ఇంకా ఏమేం మిగిలాయో చెబితే నేను వచ్చి కళ్ళకద్దుకుని పోతాను.

నిప్పు లేనిదే పొగ రాదు వదినా. నేను రాను. పండగ బాగా చేసుకోండి.

హసింతా.


ఎల్ సెద్రాల్,
ఏప్రిల్ 5, మట్టల ఆదివారం.

హసింతాకి,

నీ ఉత్తరం ఎంగ్రాసియా అవ్వ ముందు చదివాను, ఆమెకి కళ్ళు కనపడవు కాబట్టి పైకి చదవాల్సి వచ్చింది. "అబ్బో, దీని నోరు ఇంకా అలాగే ఉంది. బతికే ఉందన్నమాట" అంది. నీకు కోపం వచ్చిందని అర్థమైంది. నాక్కూడా రావాలేమో అని కాసేపు చూశాను. రాలేదు.

అడిగినవాటికి చెబుతాను. టోపీ పెట్టుకున్న మగాడు మన కంచె గుంజ. కాకులు మొలకలు పీకేస్తుంటే దానికి తగిలించాను. మొదట పాత డబ్బా కడితే దాన్ని లెక్కచెయ్యలేదు. మీ అన్నయ్య టోపీ అంటే మాత్రం వాటికి ఇంకా భయం ఉంది. ప్రుదెన్సియో లారీలోంచి చెయ్యి కూడా ఊపాడు, గుంజ పలకలేదని నొచ్చుకున్నాడేమో.

సంతలో నవ్విన మాట నిజం. చేపలామె బుట్టలోంచి ఒక చేప ఎగిరి ఫాదర్‌గారి చొక్కాలో పడింది. అందరూ నవ్వారు. నా మొహం కూడా నవ్వింది. లోపల ఎవరూ లేని ఇంట్లో రేడియో మోగినట్టు నవ్వింది. ఇంటికొచ్చాక బుగ్గలు నొప్పెడతాయేమోనని పట్టి చూసుకున్నాను. ఏమీ తెలియలేదు.

బల్లని ఎత్తలేదు. నేలమీద ఏడాదిగా బోర్లా పడి ఉందేమో, అడుగంచుకి పురుగు పట్టింది. సున్నం పట్టిద్దామని పక్కకి ఒరగేసి గోడకి ఆనించాను. నిలబెట్టానే గాని వెల్లకిలా వెయ్యలేదు. మళ్ళీ బోర్లా వేశాను. నమ్మితే నమ్ము.

నువ్వు రానన్నావని అవ్వకి చెబితే ఆలోచించింది. ప్రుదెన్సియో మీ అమ్మ చెల్లెలి కొడుకు కాబట్టి వాడి చెయ్యి కూడా చెల్లుతుందంది. వాడిని అడిగాను. జుట్టు దువ్వుకుని వస్తానన్నాడు. కాబట్టి నువ్వు శ్రమపడి రానక్కర్లేదు.

పండక్కి మొక్కజొన్నపిండి తమాల్ పొట్లాలకి అరిటాకులు కోయించాలి. ఉంటాను.

వదిన.


ప్వెబ్లా,
ఏప్రిల్ 17.

వదినా,

ప్రుదెన్సియో చెయ్యి చెల్లుతుంది. బాగుంది. అన్నయ్యకి జ్వరమొస్తే ఏ పక్కకి తిరిగి పడుకుంటాడో కూడా వాడికి తెలియదు, అయినా చెయ్యి చెల్లుతుంది. రెండు చేతులూ పట్టుకుని ఎక్కు.

టోపీ సంగతి నమ్మాను. కాకులు భయపడడం నమ్మాను. "శ్రమపడి రానక్కర్లేదు" అన్నది కూడా నమ్మాను.

ప్రుదెన్సియో లారీలోనే ఒక పొట్లం పంపుతున్నాను. తెల్ల పరికిణీ. క్రిస్మస్ నుంచి కుడుతున్నాను, కొట్టు కట్టేశాక మిగిలిన లేసుతో. నల్లబట్ట విడిచిన పూట నా చేత్తో నీకు కట్టాలనుకున్నాను. ఇప్పుడు ఎవరు కడితేనేం. నడుముకి నీ పాత కొలతే పెట్టాను.

దీనికి జవాబు అక్కర్లేదు.

హసింతా.


ఎల్ సెద్రాల్,
మే 6.

హసింతాకి,

జవాబు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను, లేకపోతే ప్రుదెన్సియో వచ్చి రొట్టె తింటూ చెబుతాడు.

పండగ అయింది. శుక్రవారం పొద్దున్నుంచీ వచ్చారు. పోయినేటికంటే ఎక్కువ మంది. కొండమీద ఊళ్ళవాళ్ళు నడిచి వచ్చారు, సరస్సు అవతలివాళ్ళు పడవల్లో వచ్చారు, కాలేజీ పిల్లలు రెండు బస్సుల్లో వచ్చి రోడ్డు చివర దిగి, బురదలో చెప్పులు పోగొట్టుకుంటూ వచ్చారు. తోపు నిండా రంగురంగుల గుడారాలు. పొద్దున్నే కొండముచ్చులు అరుస్తుంటే ఒక పిల్లాడు లేచి "ఇంత పొద్దున్నే తాగింది ఎవర్రా?" అన్నాడు. "మా బావమరుదులు" అన్నాడు నసారియో తాత. ఆ పిల్లాడు మధ్యాహ్నం దాకా ఆ బావమరుదుల కోసం వెతికాడు.

నేను వంట దగ్గర ఉన్నాను. బీన్సు ఉడికించాను, చేపలు వేయించాను, తమాల్ పొట్లాలు విప్పి విప్పి వేళ్ళు మొద్దుబారాయి. జరానాలు, చిన్న గిటార్లు, యాభైకి తక్కువుండవు, అన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే కప్పలు నోరు మూశాయి. శ్రుతి దగ్గర ముసలాళ్ళు ఎప్పటిలాగే కొట్టుకున్నారు. "మా నాన్న శ్రుతి ఇది" అని ఒకడు, "మీ నాన్నకి చెవుడు" అని ఇంకొకడు. మీ అన్నయ్య ఉంటే ఇద్దరికీ చెరో తమాల్ ఇచ్చి నోళ్ళు మూయించేవాడు. నేను ఇచ్చి చూశాను. తిని, మళ్ళీ మొదలెట్టారు.

మన బల్ల చివరి రోజుకని పక్కన బోర్లా ఉంచాం కదా. అది ఆటబల్ల అని కాలేజీ పిల్లలకి తెలియలేదు. భోజనాల బల్ల అనుకున్నారు. దాని వీపు మీద నిమ్మకాయలు కోశారు, కాఫీ ఒలకబోశారు, ఒకమ్మాయి దానిమీదే తల ఆనించి నిద్రపోయింది. అవ్వకి తెలిసి చేతికర్ర తీసుకుంది. నేనే వద్దన్నాను. చావింట్లో కూడా జనం తినాలి కదా. నీకు చెబితే మళ్ళీ కోప్పడతావని తెలుసు. చెప్పాలనిపించింది, చెప్పాను.

శనివారం పొద్దుగూకే వేళ వాన కొట్టింది. ఎవరూ పోలేదు. టార్పాలిను కింద ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని పాడుతూనే ఉన్నారు. ఆడవాళ్ళు వేరే బల్ల మీద జంటలు జంటలుగా ఎక్కి మడమలు కొడుతున్నారు, అలిసినామె దిగుతుంది, ఇంకొకామె భుజం తట్టి ఎక్కుతుంది. నేను నేలమీద నిలబడి చూశాను. ఎవరి అడుగు మంచిదో ఎవరిది పొల్లో తెలుస్తూనే ఉంది. తెలియడం ఒక్కటే ఉంది. దాని వెనకాల ఏమీ లేదు.

ఆదివారం సిలువకి పూలు కట్టాక మన బల్లని కడిగి వెల్లకిలా వేశారు. నువ్వు పంపిన పరికిణీ కట్టుకున్నాను. నడుము దగ్గర జారిపోయింది. ఏడాదిలో ఇంత తగ్గానని నాకే తెలియదు. మీ అన్నయ్య గిటారు పట్టీ తెచ్చి నడుముకి బిగించింది మౌరా. గిటారు ఆమెకి ఇచ్చింది ఊరికే కాదు, హసింతా. వాయించకుండా గోడకి తగిలించేస్తే ఏడాదికల్లా గొంతు పోతుందని మీ అన్నయ్యే అనేవాడు. పండగలో వాయించి తిరిగి తెచ్చింది. ఇప్పుడు దాని మేకుకే ఉంది. మొదటి ఉత్తరంలో ఈ సంగతి ఎందుకు రాయలేదో నాకు తెలియదు. అప్పుడు ఒక వాక్యం రాయడమే పెద్ద పనిగా ఉండేది.

నసారియో తాత పాట ఎత్తాడు, అప్పటికప్పుడు కట్టి:

దేవదారు నరికినోళ్ళు దేవదారు కింద ఉన్నారు
వాళ్ళు చేసిన బల్ల మీద మడమ ఎవరిదమ్మా నేడు

అందరూ వంత పాడారు. కొందరు ఏడ్చారు. ప్రుదెన్సియో నిజంగానే తల దువ్వుకుని, నీళ్ళు కారుతుండగా వచ్చి బల్ల ఎక్కి చెయ్యి చాచాడు. "రా వదినా, భయపడకు, నేను పట్టుకుంటాను" అన్నాడు. మంచి చెయ్యే. శుభ్రంగా కడుక్కున్నాడు కూడా. నేను దానికేసి చూశాను. చిటికెనవేలు తిన్నగా ఉంది. మీ అన్నయ్యకి వంకర. నీకూ వంకర. ఒకే అచ్చు.

నా చెయ్యి లేవలేదు. నేను వద్దనుకోలేదు, హసింతా. లేవలేదు, అంతే. అందరూ ఆగిపోయారు. వాడి చెయ్యి అలాగే గాలిలో ఉంది, పాపం. చివరికి "లేదు నాయనా" అన్నాను. వాడు దిగి వెళ్ళి తమాల్ తిన్నాడు. ఎవరూ బల్ల ఎక్కలేదు.

అప్పుడు మౌరా పెద్ద గిటారు అందుకుంది. నీకు గుర్తుందా, మీ అన్నయ్య ఎప్పుడూ పాట మొదలయ్యాక కొంచెం ఆలస్యంగా వచ్చి చేరేవాడు, ఇంటి తలుపు గడియపెట్టి వచ్చినట్టు. ఆయన దగ్గర నేర్చుకుంది కాబట్టి మౌరా కూడా అలాగే ఆలస్యంగా వచ్చింది. నేను నేలమీదే ఉన్నాను. కిందికి చూస్తే నా కాళ్ళు బురదలో ఆడుతున్నాయి. చప్పుడు లేదు, బురదలో చప్పుడేముంటుంది. పరికిణీ మోకాళ్ళ దాకా బురద అయింది. నాకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. కాళ్ళకే ఉన్నట్టుంది.

నల్లబట్ట మళ్ళీ కట్టాను. చెయ్యి పట్టే మనిషి వచ్చేదాకా ఇంతేనంది అవ్వ. పరికిణీ ఉతికాను, లేసుకి మరక పోలేదు.

నువ్వు వస్తే సరే, రాకపోయినా సరే అని నీకు రాశాను. వాన గురించీ అలాగే రాశాను. వాన పడకపోతే సరే ఎలా అవుతుంది? మొక్కజొన్న చచ్చిపోతుంది. ఏది రాసినా అలాగే వస్తోంది నాకు. రాకపోతే సరే కాదు.

వదిన,
ఒతీలియా.


ప్వెబ్లా,
మే 19.

వదినా,

శనివారం, ముప్పయ్యో తారీఖు పొద్దున బస్సుకి వస్తున్నాను. కొట్టు యజమానురాలు సెలవివ్వనంటే సగం కుట్టిన పెళ్ళిగౌను ఆమె ఒళ్ళో పెట్టాను. అప్పుడిచ్చింది.

నువ్వు ఏడవడం లేదంటే మనసు లేదనుకున్నాను. నీకు ఉన్నది ఉన్నట్టే రాస్తున్నావని తట్టలేదు. తిన్నది ఒంటికి పట్టడం లేదని ఒక్క మాట రాయకూడదా? తింటున్నాను అని రాస్తావా? నడుము ఎంత తగ్గిందో పరికిణీ చెబితేగాని తెలియలేదు నాకు. సూదీ దారం తెస్తాను. మరక మీద ఇంకో లేసు వేస్తాను.

నిమ్మకాయలు కోసిన సంగతికి కోపం వచ్చింది. ఆ పిల్ల తల పెట్టుకుని పడుకుందన్నావే, అక్కడికొచ్చేసరికి పోయింది.

బల్లని మళ్ళీ బోర్లా వెయ్యకు. కొట్టంలో వానకి తడవకుండా ఉంచు. వాయిద్యాలవాళ్ళని పిలవనక్కర్లేదు. మౌరాకి పళ్ళు పీకే పని లేకపోతే రమ్మను, లేకపోతే నేనే గిన్నె మీద వాయిస్తాను. నా తాళం రేకుల కప్పు మీద వడగళ్ళలా ఉంటుందనేవాడు అన్నయ్య. ఉంటే ఉండనీ. నాకు ఆట రాదు, పాట రాదు. చిటికెనవేలు మాత్రం వంకరగానే ఉంది. ఇప్పుడే చూసుకున్నాను.

ప్రుదెన్సియోకి ఒక చొక్కా కుట్టి తెస్తున్నాను. అంతమందిలో వాడి చెయ్యి గాలిలో వదిలేశావు, పాపం.

నీ,
హసింతా.


ఎల్ సెద్రాల్,
జూన్ 2.

హసింతాకి,

నువ్వు బస్సెక్కి వెళ్ళి రెండు రోజులైంది. నీ దువ్వెన ఇక్కడే మర్చిపోయావు. గిన్నెకి సొట్ట పడింది. దాంట్లో ఇప్పుడు కోళ్ళకి నీళ్ళు పెడుతున్నాను.

నిన్న వాన మొదలైంది. మొక్కజొన్న తేరుకుంది.

ఆ రోజు నువ్వు చెయ్యి పట్టుకుని లాగితే బండి లాగినట్టు లాగావు. ఎవరైనా అలా లాగుతారా? ఇద్దరం కలిసి బల్ల మీద పడ్డాం. మౌరా గిటారు ఆపేసి "పళ్ళు ఊడాయా?" అని అడిగింది. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. తర్వాత మౌరా మళ్ళీ మొదలెట్టింది, ఆలస్యంగా. నువ్వు గిన్నె మీద బాదావు, ఇంకా ఆలస్యంగా. నేను మడమ కొట్టాను. ఏడాది తర్వాత ఆ బల్ల నా కింద పలికింది. అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. నువ్వు మొహంలోకి చూస్తున్నావని తెలుసు. నువ్వు అంత దూరం వచ్చావు, కొంచెమైనా ఏదో ఒకటి అనిపిస్తే బాగుండునని చూశాను. రాలేదు. బస్సు దగ్గర నిన్ను పంపించి, వచ్చి, పందికి కుడితి పెట్టాను.

ఇవాళ పొద్దున మంచం దిగి అడుగు వేస్తే కుడి మడమ భగ్గుమంది. ఏడాది తొక్కని బల్ల, బండ కొట్టుడు కొట్టాను కదా, వాచింది. ఏమీ కాలేదులే అనుకుని ఇంకో అడుగు వేశాను. నొప్పి పుట్టింది. అమ్మా అన్నాను. అని, అక్కడే గడప మీద కూర్చున్నాను. ఇక ఆగలేదు, హసింతా. కోళ్ళు చుట్టూ చేరాయి. ఎంగ్రాసియా అవ్వ విని తడుముకుంటూ వచ్చి, ఆకు నూరి, మడమకి కట్టుకట్టింది. "ఇంత వాపుకి ఇంత ఏడుపా, చిన్నపిల్లలా" అంది. అననిచ్చాను. మధ్యాహ్నం కూడా ఏడ్చాను. ఇప్పుడు కూడా.

మీ అన్నయ్య పోయాడు, హసింతా.

ఈ కాగితం వెలుతురుకి పెట్టి చూడక్కర్లేదు. సిరా అంతా అలుక్కుపోయింది. చదవగలిగినంత చదువుకో.

నీ వదిన,
ఒతీలియా.